నీలం తిరిగిన వంటిల్లు

జగ్గయ్యపేట, 9-2-1957

చి.సౌ. కమలకు అమ్మ దీవెనలు. "మసిబారిన మన వంటింట్లోకి మా అత్తగారిని ఎలా తీసుకురానమ్మా?" అని నువ్వు రాసిన దగ్గర్నుంచీ నా మనసు మనసులో లేదు. గోడలు ఆరాక చెబుదామని ఆగి ఇవాళ కలం పట్టా. మసి గీకి, బట్టీ నుంచి సున్నం తెప్పించి నేనే వెల్ల వేశా. తెల్లగా మెరవాలని నీలిమందు చిటికెడు కలపబోతే పొట్లమంతా పడిపోయింది. ఆరేసరికి గోడలన్నీ నీలం! మీ నాయనమ్మ చూసి, "పిలవగా పిలవగా కృష్ణుడు నీ వంటింటి గోడకే అతుక్కున్నాడే!" అని ఒకటే నవ్వు. నాకూ బాగానే ఉందనిపించింది.

బాబుకు దగ్గు తగ్గిందా? పాత రంగు చీర ఒకటి తే, అలమరకు తెర కడతా. శుక్రవారం మీ అత్తగారిని మొహమాటపడకుండా తీసుకురా. తిరుపతమ్మ తల్లి మిమ్మల్ని చల్లగా చూడాలి.

పొయ్యి పక్కన ఆరేళ్ళప్పుడు నువ్వు బొగ్గుతో గీసిన నెమలి మీదకి మాత్రం నా కుంచె పోలేదు. దానికి అడ్డంగా చేట తగిలించా. మీ అత్తగారి ముందు దాన్ని తీయకు. ఈ కార్డు పోస్టుమాను ఎటూ చదువుతాడు, ఇంకెవరికీ చూపకుండా దాచుకో.

అమ్మ