మీ కోడలు మళ్లీ కాలేజీకి

అత్తయ్యా, క్షేమంగానే ఉన్నాను, వేళకు తింటున్నాను, బెంగపడకండి.

డిగ్రీ మధ్యలో వదిలేసి, పనిలోనే పని నేర్చుకుని ఇరవై ఏళ్లు సాఫ్ట్‌వేర్ రాసినదాన్ని కదా, ఆ చదువు పూర్తిచేద్దామని తరగతిలో అడుగుపెట్టగానే పిల్లలంతా టీచరమ్మనుకుని లేచి నిలబడ్డారు! సిగ్గుతో పోయి వెనక బెంచీలో కూర్చున్నాను. అంతటితో అయిందా? మాస్టారు బోర్డు మీద లెక్క చేయమని నన్నే పిలిచారు. ఒక్క ముక్క గుర్తొస్తే ఒట్టు. చాక్‌పీసు బల్ల మీద పెట్టేసి వచ్చి కూర్చున్నాను. హాస్టల్ గదికొచ్చి తనివితీరా ఏడ్చి పెట్టె సర్దేశాను. అంతలో మా తరగతి పిల్లే ఒకతె తలుపు తట్టింది. "ఆంటీ, మీకు లెక్కలు నేను చెప్తా. నాకు ప్రోగ్రాములు మీరు చెప్పండి, అవి నా బుర్రకెక్కట్లేదు" అంది. పెట్టె మళ్లీ విప్పాను.

మీ మోకాలు ఎలా ఉంది? చంటిది జడ ఎవరిచేత వేయించుకుంటోంది? అటక మీద నా పాత లెక్కల పుస్తకాలున్నాయి, పంపించండి. మీరు ఎక్కకండి, మీ అబ్బాయిని ఎక్కించండి. ఈ కార్డు మాత్రం ఆయన కంటపడనీయకండి. నేను ఏడ్చానని తెలిస్తే మొదటి బస్సుకే వచ్చేస్తారు. ఆయన్ని చూశానంటే ఇక్కడ ఉండలేను.

చంటిదానికి ముద్దులు, మీ పాదాలకు దండాలు.

మీరు వెన్నుతట్టి పంపిన కోడలు