మైకులో చదివిన పేరు

తాడేపల్లిగూడెం బావగారికి నమస్కారాలు.

నా అక్షరాలు వంకర, తప్పులూ ఉంటాయి, మన్నించండి. ఫోన్‌లో మీతో మాట్లాడాలంటే నోరు పెగలదని ఇలా రాస్తున్నాను.

మన ఊళ్ళో బంగార్రాజులు ఇద్దరు. కాలు ఈడ్చి నడుస్తారని మీ తమ్ముణ్ణి అందరూ "కుంటి బంగార్రాజు" అనేవారు. వినాయకుడి పందిట్లో చందాలిచ్చినవారి పేర్లు చదివినా అంతే. ఆయన నవ్వి ఊరుకునేవారు. పాప మాత్రం, "బళ్ళో నా పేరు ముందు కూడా కుంటి అని రాస్తారా అమ్మా?" అని అడిగింది. అందుకే మీ ఇంట్లో అక్క చేత, మైకులో ఆ మాట రానివ్వొద్దని మీకు చెప్పించాను.

ఈసారి పండక్కి వచ్చి మైకులో మీరు "మోటారు మెకానిక్ బంగార్రాజు గారు" అని చదివారు. "అలాగంటే ఎవరికి తెలుస్తాదండీ?" అని ఒక పెద్దాయన అడ్డొచ్చారు.

"మీ బోరు మోటారు కాలిపోయిన రోజున తెలుస్తాది లెండి బాబాయ్!" అన్నారు మీరు.

పందిరంతా గొల్లుమంది. ఏటా వెనకాలే నిలబడే మనిషి ఆ రోజు పాపని ఎత్తుకుని ముందుకొచ్చి హారతి తీసుకున్నారు. మీ మేలు మరిచిపోను.

నేను అడిగించానని ఆయనకి తెలియదు. అన్నయ్యకే తోచిందని మురిసిపోతున్నారు, అలాగే ఉండనివ్వండి. చదివాక ఈ ఉత్తరం కాల్చేయండి.