మైనస్ ఇరవై సెంటీమీటర్ల కర్ర

గ్వాపీ నది ఒడ్డు,
అక్టోబరు 3

కాలీ నగరంలోని ఇంజనీరు ఓవిడియో లెర్మా గారికి,

కోత మిల్లు నుంచి బసీలియా గ్రుయేసో నమస్కారాలు. మీరు అమర్చిన కంప్యూటరు రంపం బాగానే కోస్తోంది. దాని లెక్కే నా ప్రాణం తీస్తోంది. మా మిల్లులో తాతల నాటి నుంచి ఒకటే పద్ధతి: అడిగిన కొలతకు ముక్కలు తీశాక మిగిలింది కోసినవాళ్లది. ఆ మిగుళ్లతోనే నేను మరింబా, అదే మా కర్ర పలకల వాయిద్యం, కడుతున్నాను. పాతది వరదకు కొట్టుకుపోయింది. డిసెంబరు ఏడున కన్య మరియమ్మ పండుగ తెప్పలు నదిలోకి దిగేసరికి కొత్తది మోగాలి. ఇంకా పదకొండు చిన్న పలకలు తక్కువ.

నిన్న రెండు మీటర్ల ఎనభై సెంటీమీటర్ల దుంగ పెట్టి మీటరు ముక్కలు అడిగాం. తెర మీద ఏం పడిందో తెలుసా? ముక్కలు మూడు, మిగులు మైనస్ సున్నా చుక్క రెండు మీటర్లు, అంటే మైనస్ ఇరవై సెంటీమీటర్లు! నాకు రావలసిన ఎనభై తుండును మూడో ముక్కంటూ మేస్త్రి నికనోర్ పట్టుకుపోయాడు.

ఇట్లు,
ఒళ్లు మండుతున్న బసీలియా

తా.క. మైనస్ కర్రను ఏ అటక మీద దాచాలో కూడా రాయండి.

*

కాలీ,
అక్టోబరు 12

బసీలియా గారికి,

నవ్వుకున్నాను, ఏమీ అనుకోకండి. లెక్క పక్కాగా ఉంది. ‘సీ’ అనే కంప్యూటరు భాష లెక్కల లైబ్రరీలో ‘రిమైండర్’ అనే ఫంక్షన్ వాడాను. అది దగ్గరలో ఉన్న పూర్తి సంఖ్యను పట్టుకుంటుంది. మీ దుంగకు దగ్గరిది మూడు. మూడుకు ఇరవై తక్కువ. ఇందులో తప్పెక్కడుందో చూపించండి చూద్దాం! ఈ ఉత్తరం మేస్త్రికి చదివి వినిపించండి, గొడవ తీరిపోతుంది.

భవదీయుడు,
ఓవిడియో లెర్మా

తా.క. అది ప్రపంచమంతా వాడే లైబ్రరీ. దానికి మీ అటకతో పనిలేదు.

*

గ్వాపీ నది ఒడ్డు,
అక్టోబరు 21

ఇంజనీరు గారికి,

చదివి వినిపించి నా గొయ్యి నేనే తవ్వుకున్నాను.

“విన్నావా బసీలియా? ఇంజనీరే రాశాడు, ఇరవై తక్కువని. రేపు ఇంటినుంచి పట్టుకురా!” అన్నాడు నికనోర్.

“నీ మొహం! మా ఇంట్లో కర్రలు మొలుస్తున్నాయా?”

“తెర అబద్ధమాడదు!”

నా వాటా పోయింది, పైగా ఎదురు ఇచ్చుకోవలసి వచ్చింది. మరింబా లేకుండా తెప్ప కదిలితే నేను ఊళ్లో తలెత్తుకోలేను బాబూ.

ఇట్లు,
బసీలియా

తా.క. మా ఆయన తెడ్డు పిడి కోసి ఇచ్చాను. ఆయన ఇప్పుడు పడవను గరిటెతో నడుపుతున్నాడు.

*

కాలీ,
నవంబరు 2

అమ్మా,

మీ ఉత్తరం మా అమ్మకు చదివి వినిపించాను. ఆవిడ బట్టలు కుడుతుంది. “ఒరే, గుడ్డ కత్తిరించాక మిగిలిన పీలిక మైనస్ ఎలా అవుతుందిరా?” అని చీవాట్లు పెట్టింది.

మీకు కావలసింది ‘ఎఫ్‌మాడ్’. ఆ ఫంక్షన్ పట్టినన్ని పూర్తి ముక్కలే తీసి, మిగిలింది మిగిలినట్టు చెబుతుంది. మార్చేశాను. గురువారం లాంచీలో పెన్ డ్రైవ్ వస్తుంది. ఇక దీనికి తిరుగులేదు, రాసిపెట్టుకోండి.

మీ
ఓవిడియో

తా.క. మీ ఆయనకు కొత్త తెడ్డు పంపుతున్నాను. దాన్ని నా రంపం కోయలేదు, భయపడవద్దు.

*

గ్వాపీ నది ఒడ్డు,
డిసెంబరు 4

బంగారు బాబు ఓవిడియోకు,

మీ ఎఫ్‌మాడ్ చల్లగా ఉండాలి! పెన్ డ్రైవ్ అందిన వారమే రెండు మీటర్ల దుంగలు వచ్చాయి, ఇరవై సెంటీమీటర్ల పలకలకు. ఎవరు లెక్కపెట్టినా పది. తెర మాత్రం తొమ్మిదంది! మిగులు దగ్గర మీటర్లలో సున్నా, చుక్క, ఒకటి, ఆ తర్వాత తొమ్మిదుల బారు. మీ యంత్రానికి ఇరవై అంటే అణువంత ఎక్కువగా తోస్తుంది కాబోలు, పదో ముక్కకు కర్ర చాలదంటోంది.

నేను దాచలేదు. “మేస్త్రీ, ఇది నిండు ముక్క, మిల్లుదే” అన్నాను.

నికనోర్ గుడ్లురిమాడు. “ఇంజనీరు కంటే నీకు ఎక్కువ తెలుసా? తెర మిగులంది, అది నీది. పట్టుకుపో!”

పదకొండు దుంగలు కోశాం. పదకొండు పలకలు వచ్చాయి. ఆ అణువంత కొరత గురించి బెంగపడకండి, శ్రుతి కోసం అంతకు వెయ్యి రెట్లు నేనే చెక్కేశాను. నిన్న మరింబా మోగింది. నేను ఏడ్చాను, మేస్త్రి గంతులేశాడు.

ఇట్లు,
మీ బసీలియా

తా.క. తప్పు కనబడితే తప్పకుండా దిద్దండి బాబూ. ఇంకో రెండు మరింబాలు కూడా మొదలుపెట్టాను, అవి అయ్యేదాకా మాత్రం ఈ ఉత్తరం అందలేదనుకోండి.