కొత్త బ్లాక్‌లో భరత్‌పూర్

2000 డిసెంబర్ 9, శనివారం

ఈయనకు మళ్లీ కొంగల పిచ్చి పట్టింది. చిక్కపేటలో తన బోల్టుల అంగడి నుంచి వస్తూనే, చెప్పులైనా విప్పకుండా, ఈ చలికాలం భరత్‌పూర్ పోదాం లచ్చూ అన్నాడు. రాజస్థాన్‌లో పెద్ద నేషనల్ పార్కట. అడవి కాదట, అంతా నీళ్లూ బురదా గడ్డీనట. సైబీరియా నుంచి తెల్ల కొంగలు వచ్చి దిగేది అక్కడేనట. కొంగలు కాదే, క్రేన్లు అని నన్ను దిద్దాడు. ఒకప్పుడు గుంపులు గుంపులుగా వచ్చేవట. ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఇంకో రెండేండ్లు పోతే అవీ రావు, ఒక్కసారి సూడాల అన్నాడు.

ఎల్టీసీ లేదు అన్నాను.

డిసెంబర్ 10

లేదంటే లేదు. ఈ నాలుగేళ్ల బ్లాక్‌లో కంపెనీ ఖర్చు మీద మాకున్న ఆల్ ఇండియా ట్రిప్పు 99 మేలోనే వాడేశాం. ఢిల్లీ, ఆగ్రా. మా అమ్మాయి మేఘనకు కాలేజీ సెలవులని మండుటెండలో పోయాం. ఆగ్రా బస్టాండులో ఈయన భరత్‌పూర్ బస్సు ముందు నిలబడిపోయాడు. గంటన్నర దారి. ఎండాకాలం అక్కడ ఆ కొంగలుండవని తెలిసీ నిలబడ్డాడు. నేనే చెయ్యి పట్టి లాక్కొచ్చాను.

కొత్త బ్లాక్ 2002 జనవరి ఒకటిన మొదలవుతుంది. ఫ్యాక్టరీ పర్సనల్ సెక్షన్‌లో ఇరవై రెండేళ్లుగా అందరి ఎల్టీసీ ఫారాలూ చూసేది నేను. కంపెనీ పంపించే ప్రయాణానికి నేనే చేతి డబ్బు పెట్టి పోతే సెక్షనంతా నవ్వదా? ఒక్క ఏడాది ఆగండి, దర్జాగా పోదాం అన్నాను.

కానీలే, అవి యాడికి పోతాయి అన్నాడు. ఇంత తొందరగా ఒప్పుకుంటాడనుకోలేదు. ఏదో ఒక రాద్ధాంతం చేస్తాడని రెడీగా ఉన్నాను.

2001 ఫిబ్రవరి 18, ఆదివారం

పొద్దున్నే బైనాక్యులర్స్ మెడలో వేసుకుని మడివాళ చెరువుకు పోయి వచ్చాడు. ముందైతే స్కూటర్ మీద బెళ్ళందూరు దాకా పోయేవాడు. అక్కడి నీళ్లు కంపు కొడుతున్నాయని మానేశాడు. స్కూటరూ మానేశాడు. ట్రాఫిక్ అంట.

ఇంటికొచ్చి నోట్‌బుక్‌లో పిట్టల పేర్లు రాసుకున్నాడు. తర్వాత భరత్‌పూర్ ప్లానింగ్. కర్ణాటక ఎక్స్‌ప్రెస్‌లో ఆగ్రా, అక్కడి నుంచి బస్సు. పార్కు లోపలికి కార్లు రానివ్వరట, సైకిల్ రిక్షాలేనట. పిట్టల పుస్తకం మేఘన చేత చదివించుకున్నాడు. అక్షరాలు మరీ సన్నంగా ఉండాయి అన్నాడు. ఏడాదిలో అద్దాలు రెండుసార్లు మార్చాడు. ఆ అద్దాల అంగడివాడు దొంగముండాకొడుకు.

ఆగస్టు 23, గురువారం

చిక్కపేటలో తోపుడుబండి గుద్దింది. చీరల మూటల బండి. హమాలీ అరుస్తూనే ఉన్నాడట, ఈయన నేరుగా దాని మీదికే నడిచాడట. మోకాలు చీరుకుపోయింది, మోచేయి వాచింది. అంగడిలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న పిల్లప్ప ఆటోలో తీసుకొచ్చాడు.

కాఫీ ఇస్తుంటే పిల్లప్ప వంటింట్లోకి వచ్చి మెల్లగా చెప్పాడు. అమ్మా, అన్నకు కుడిపక్క ఏమీ కనపడదు. బోల్టులు చేత్తో తడిమి సైజు చెప్తా ఉండాడు. మీకు చెప్తే నా మీద ఒట్టు అన్నాడు, అందుకే నోరు మూసుకోని ఉంటి. తప్పాయెనమ్మా అని ఏడ్చాడు.

నేను ఏడవలేదు. ఒళ్లు మండిపోయింది.

ఆగస్టు 27

గ్లకోమా. డాక్టరమ్మ సగం కన్నడంలో, సగం ఇంగ్లీషులో చెప్పింది. కంటి వెనక నరం చచ్చిపోయింది. కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకంట్లో నడిమధ్య కొంచెం మిగిలింది, వెదురుబొంగులోంచి చూసినట్టు. పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టడానికి డ్రాప్స్, ఒక ఆపరేషన్. అదీ ఎన్నాళ్లో చెప్పలేమంది.

ఎన్నాళ్లుగా ఉంది ఇది అని అడిగింది. ఈయన నేల చూపులు చూశాడు. నా వంక చూడలేదు.

ఆగస్టు 28

ఆగస్టులో కొంగలు రావు.

సెప్టెంబర్ 2, ఆదివారం

ఉన్నపళంగా పోదామన్నా పోలేం. అవి వచ్చేదే చలికాలం. పోయిన డిసెంబర్‌లో టికెట్లు కొనుంటే చూసేవాడు. నోరు మూసుకుని టికెట్లు కొనుంటే! అందరికీ శకునం చెప్పే బల్లి కుడితితొట్లో పడిందట. ఇరవై రెండేళ్లు ఊరందరికీ రూల్స్ చెప్పాను. లీవ్ ఇంత, బ్లాక్ ఇంత. కళ్లకు బ్లాక్ ఇయర్ ఉండదని నాకెవరు చెప్పాలి?

డిసెంబర్ మొదటివారంలోనే సొంత డబ్బుతో పోదాం అన్నాను. డిసెంబర్ మూడున ఆపరేషన్ డేట్ ఇచ్చారు. నెలరోజులు ప్రయాణం కూడదట. జనవరే. నేను అడిగిన జనవరే దొరికింది నాకు.

నవంబర్ 9

సిటీ స్టేషన్‌లో రిజర్వేషన్ చేయించాను. జనవరి 8, రెండు లోయర్ బెర్తులు. సెక్షన్ హెడ్ వెంకటరమణప్ప నా ఫారం చూసి, ఏమమ్మా, కొత్త బ్లాక్‌కు నీదే బోణీనా అని నవ్వాడు. పాపం, ఆయనకేం తెలుసు. వాష్‌రూమ్‌కు పోయి ముఖం కడుక్కున్నాను.

నవంబర్ 18, ఆదివారం

చూడాల్సిన పిట్టల లిస్టు రాసిపెడదామని ఈయన నోట్‌బుక్ తీశాను. ఈ ఏడాది పేజీలు, పోయిన ఏడాది పేజీలు పక్కపక్కన పెట్టుకున్నాను. ఒకటే. అదే వరుస, అవే పేర్లు, అవే లెక్కలు. జూన్‌లో ఒక ఆదివారం కుండపోత వాన, ఈయన ఇల్లు కదల్లేదు, నాకు బాగా గుర్తుంది. ఆ రోజుకూ పదమూడు బాతులు రాశాడు.

వెనక్కి తిప్పాను. 2000 అక్టోబర్ నుంచి అక్షరాలు గీత దాటి పోతున్నాయి. అంటే నేను బ్లాక్, బ్లాక్ అని దంచుతున్నప్పటికే తెలుసు ఈయనకు. తెలిసీ కానీలే అన్నాడు.

ఉప్మా పెట్టి అడిగాను. దాచలేదు. నువ్వు ఆగుదామంటే నాకు బతికినట్టాయె లచ్చూ అన్నాడు. ఆడికి పోయి కనపడకపోతే అందరికీ తెలిసిపోతాది. ఈ లోపల మంచిగవుతాదేమో అనుకుంటి. సుమ్నే, ఊరికే చెరువుకు పోయి గట్టుమీద కూచోని వస్తా ఉంటి అన్నాడు.

మరి డాక్టర్ దగ్గరికెందుకు పోలేదయ్యా మహానుభావా అని అరిచాను. పక్కింటి కెంపమ్మ కిటికీలోంచి చూసింది. చూడనీ. పోతే పోతాదని చెప్తాడు కదా ఆ డాక్టరు, అది వినేదానికి దమ్ము లేకపోయె అన్నాడు.

నేను డబ్బుకు చూసుకుని ఆగాను, ఈయన భయానికి ఆగాడు. ఇద్దరం కలిసి ఒక సంవత్సరాన్ని చేతులారా పారేశాం.

డిసెంబర్ 6

ఆపరేషన్ అయింది. కట్టు విప్పారు. ప్రెజర్ తగ్గిందట, సక్సెస్ అట. ఈయన గ్లాసు కోసం చెయ్యి చాపితే పక్కనున్న చెంబు తగిలింది.

డిసెంబర్ 23

మేఘన ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి ఎవరో పిట్టలు చూసేవాళ్ల మెయిల్ ప్రింట్ తీసుకొచ్చింది. భరత్‌పూర్‌కు ఈసారి రెండు వచ్చాయట. ఒక్క జంట. ఈయన ఆ కాయితం మూడుసార్లు చదివించుకున్నాడు. రెండైనా వచ్చినాయి సూడు, వచ్చినాయి అని మేఘన చెయ్యి వదల్లేదు. ఆపరేషన్ అయినాక ఈయన నవ్వడం ఇదే.

మిలిటరీ అంతా బార్డర్‌కు పోతోందట, ఇప్పుడెందుకు అని మేఘన నాతో విడిగా అంది. చూడలేరు కదమ్మా అని కూడా అంది. తెలుసు. నోరుమూసుకో అన్నాను.

2002 జనవరి 9, రైల్లో

దర్జాగా పోదామన్నట్టే సెకండ్ ఏసీ. భోజనం తెచ్చారు. ఈయన పప్పు కంచం దాటి పోసుకున్నాడు. ఎదురు సీటావిడ చూసి ముఖం తిప్పుకుంది. తుడిచాను.

మధ్యాహ్నమంతా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఏం కనిపిస్తోంది అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయనే అన్నాడు. లచ్చూ, ఈ కంట్లో ఇంకా రవ్వంత ఉండాది. తెల్లగా నాలుగడుగుల ఎత్తుంటాది ఆ పిట్ట, అది కనపడకుండా పోతాదా? అదీ కనపడకపోతే ఇంక నాకు కండ్లు పోయినట్టే. అప్పుడు ఒప్పుకుంటా. అంతవరకూ గుడ్డోడివని ఎవరు చెప్పినా ఒప్పుకోను, ఆ డాక్టరమ్మ చెప్పినా సరే.

అంగడి పిల్లప్పకు అప్పజెప్పడం, చేతికర్ర కొనడం, ఇవన్నీ ఊరికి పోయినాక మాట్లాడదాం అన్నాడు. అవి చూసి వచ్చినాక.

ఏ దేవుడికి మొక్కాలో తెలియలేదు. రాత్రి కాకముందే పడుకున్నాను.

జనవరి 10

భరత్‌పూర్. పొగమంచు. గీజర్ లేదు. రేపు ఏడు గంటలకు రిక్షా. ఈయన ఇప్పుడే స్వెట్టరు, మఫ్లరు మడతపెట్టి తలాపున పెట్టుకున్నాడు, పరీక్షకు పోయే పిల్లాడి మాదిరి.

జనవరి 11, ఉదయం 9.15

రిక్షా తొక్కే సర్దార్ ఆపి, వేలు చూపించి హిందీలో చెప్పాడు. ఈయనకు హిందీ రాదు. రెండూ ఉన్నాయి. దగ్గరే, మా వీధి వెడల్పు దూరం. తెల్లవి, ముఖం ఎర్రగా, నీళ్లలో నడుస్తున్నాయి.

ఈయన బైనాక్యులర్స్ ఎత్తాడు. చాలాసేపు వెతికాడు. వాటి మీదుగా పోయాడు, మళ్లీ వచ్చాడు, మళ్లీ పోయాడు. ఏమంటాడు ఆయన, ఉండాయా అని అడిగాడు.

నిన్ననే ఎగిరిపోయినాయంట అన్నాను.

అప్పుడే కూశాయి. ఒకటి, దాని వెంటనే రెండోది. పిట్ట కూస్తే పేరు చెప్పనిదే ఊరుకోని మనిషి.

బైనాక్యులర్స్ దించి మూత పెట్టాడు. పోయినాయా, పోనీలే, వచ్చే ఏడాది సూస్తాం అన్నాడు.