కొండలు లేని వైపు

అమ్మకు వందనాలు. నా దగ్గు తగ్గింది, దిగులు పడకు. ఫోన్‌లో చెబితే కుక్కర్ కూసిందని సగంలోనే పెట్టేస్తావు, అందుకే ఈ కార్డు.

శామీర్‌పేట వచ్చానన్న మాటే గానీ ఈ డ్రాయింగ్ టీచర్ల శిక్షణలో కాలు నిలవడం లేదు. పొద్దున మాకు నేర్పే మేడం, ఎవరి ఇంటి నుంచి కనిపించేది వాళ్లు గీయాలన్నారు. హాల్లో అందరం ఒకటే బొమ్మ గీశాం. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఏరు, ఒక కొబ్బరిచెట్టు. గుండ్లపోచంపల్లి మహేందర్ సారు తన కాగితం చూసుకుని, "మా ఇంటి ముంగట గోదాములే ఉన్నయి గదా, గీ కొండలు యాడికెల్లి వచ్చినయ్?" అన్నారు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సూరారంలో మన వెనక తలుపు తీస్తే ఎదురుగా కంపెనీ గోడే కదా, దాని రంగు ఎంత తలచుకున్నా గుర్తుకు రావడం లేదు. అప్పటి నుంచి కూర్చోలేక వరండాలో తిరుగుతున్నాను.

బీపీ గోళీలు తెప్పించుకున్నావా? నీళ్ల ట్యాంకర్ వచ్చిందా? అమ్మ ఎప్పుడొస్తుందని నా జాస్మిన్ అడుగుతోందా?

ఇంటికి పంపమని మేడం ఇచ్చిన ఈ కార్డుకు రెండో వైపు నేను బొమ్మ వేయాలి. ఖాళీగానే పంపుతున్నాను. జాస్మిన్‌ను వెనక గుమ్మంలో కూర్చోబెట్టి, ఎదురుగా కనిపించేది దాని మీద గీయమను, శనివారం వచ్చి చూస్తాను. దేవుడు మీ ఇద్దరినీ కాయాలి.

దానికి బొమ్మలు నేర్పింది నేనే. అదీ రెండు కొండలే గీస్తే ఏమీ అనకు. ఆ గోడ ఏ రంగో మాత్రం అడుగు.

నీ బిడ్డ,
రాహేలు