లేఖరి చెవి మీద బాల్‌పెన్ను

చరిత్ర మాస్టారు గారికి నమస్కారాలు.

మనిషి కాలంలో వెనక్కి వెళ్ళే ఆ టీవీ సీరియల్‌కి సెట్టు మీద సామాన్లు సర్దేది నేనే. నాలుగేళ్ళుగా ప్రతి ఎపిసోడ్‌లోనూ తప్పులు పట్టి మీరు రాసే ఉత్తరాలను డైరెక్టరు గారు విప్పి కూడా చూడరు. తెచ్చి నా బల్ల మీద పడేస్తారు.

“అగ్గిపుల్ల పుట్టకముందే మీ సైనికుడు దాన్ని గీసి చుట్ట ఎలా వెలిగించాడు నాయనా? మీలో బడికెళ్ళినవాడు ఒక్కడూ లేడా?” అని మీరు రాసినప్పుడు నాకు ఒళ్ళు మండింది. నేను నాయన్ని కాదండీ, యాభై రెండేళ్ళ ఆడమనిషిని. పోనుపోను ఆ తిట్ల కోసమే పోస్టుమాన్ రాకకు ఎదురుచూడడం అలవాటైంది. ఇంట్లో నన్ను తిట్టేవాళ్ళు కూడా ఎవరూ లేరు.

మీ ఉత్తరం వచ్చి పదకొండు వారాలైంది. అందుకే మొన్న వెయ్యేళ్ళ కిందటి రాజసభ సీనులో లేఖరి చెవి మీద నా నీలం బాల్‌పెన్ను పెట్టాను. తెలిసే పెట్టాను. సెట్టు మీద ఎవరి కంటా పడలేదు. టీవీలో వచ్చాక కూడా ఒక్కరూ అడగలేదు. మీరు చూసి ఉంటే ఊరుకునేవారు కాదు.

దొరికితే నా ఉద్యోగం ఊడుతుంది. అయినా రేపు రాజుగారి చేతికి వాచీ కడుతున్నాను. ఒక్క ముక్క తిట్టి రాయండి.

ఈ కవరు మాస్టారు కాక ఇంకెవరైనా విప్పితే మాత్రం, దయచేసి నాకేమీ తెలియజేయకండి. పై వారం మంత్రిగారికి కళ్ళజోడు పెట్టాలనుకుంటున్నాను.

ఇట్లు,
మీరు నాయనా అని పిలిచే మనిషి