తాళంచెవి తీసినా ఆరని నీలం లైటు

ఒరేయ్ తమ్ముడూ, డ్యూటీ నుంచి రాగానే బండి బ్యాటరీ విప్పి ఛార్జింగ్‌కి పెట్టు. ముందు నల్ల తీగ తియ్యి, తర్వాతే ఎర్రది.

మా ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది, కాన్పు కేసు. సెల్ఫ్ ఎంత నొక్కినా బండి కిక్కురుమనలేదు. పక్కింటి పిన్నిగారు స్కూటరు బయటికి తీసేలోపు ఇది రాస్తున్నాను. నంబరుప్లేటు కింద నువ్వు పెట్టిన నీలం లైటే రాత్రంతా వెలిగి బ్యాటరీని పీల్చేసింది. నిలబెట్టిన బండికి సోకులెందుకురా?

మెకానిక్ బాబాయిని ఫోన్లో అడిగాను. ఫోన్ ఛార్జరు గానీ, బండి ముందు నువ్వు పెట్టిన జంట లైట్లు గానీ నేరుగా బ్యాటరీకి కలపకూడదట. తాళంచెవి తిప్పితేనే కరెంటు వచ్చేలా రిలే పెట్టాలట. బ్యాటరీ పక్కనే ఫ్యూజు వెయ్యమన్నాడు. బిగించాక తాళంచెవి తీసి చూడు, ఒక్కటీ వెలగకూడదు. ఆ నీలం లైటు మాత్రం పీకి అవతల పారెయ్యి.

అక్కడ కాన్పుకొచ్చిన ఆ పిల్ల ఎలా ఉందో ఏమో, నాకు కాలు నిలవడం లేదు. పిన్నిగారు ఇంకా హెల్మెట్ వెతుకుతున్నారు.

అక్క

బండి ముందున్న జంట లైట్లు మాత్రం తియ్యకు. మొన్న వానలో, రోడ్డుకు అడ్డంగా తవ్విన గోతి అంచున నేను ఆగానంటే వాటి వల్లే. చెబితే నెత్తికెక్కుతావని చెప్పలేదు.